కారే కారు: ఒక చాంబరు చరిత్ర

ఫిలింనగర్లో నిలబడి "చాంబరెక్కడ?" అని అడిగితే ఎవరైనా ఫిలిం చాంబరు వైపు దారి చూపిస్తారు. అదే ప్రశ్నను గుట్ట దిగి కృష్ణానగర్ మెకానిక్ షెడ్డులో అడిగితే ఉస్తాదు కారు కిందికి వేలు చూపిస్తాడు. ఆ రెండో చాంబరును గురించే ఈ టపా. ఇంజను అడుగున చమురు నిలవ ఉండే రేకు పాత్ర అది. కంపెనీ పుస్తకాల్లో దాని పేరు ఆయిల్ సంప్. మన మెకానిక్కులు ఆ మాట వాడగా నేను విన్నది తక్కువ. హైదరాబాదులో 'సంపు' అంటే ఇంటి ముందు నేలలో కట్టించుకున్న నీళ్ళ తొట్టి. మంచినీళ్ళకూ మడ్డి చమురుకూ ఒకే పేరేమిటని కాబోలు, దీన్ని చాంబరు చేశారని నా ఊహ.

ఆ ఇంగ్లీషు మాట పుట్టుక మాత్రం ముచ్చటైనది. ఉత్తర ఐరోపాలోని పాత జర్మను, డచ్చి భాషల్లో దానికి చిత్తడి నేల, బురదపల్లం అని అర్థం. గనుల్లో ఊట నీరు చేరే అడుగు గుంటకు మొదట ఆ పేరు వచ్చింది. ఆ తరువాత ఇంజను అడుగున చమురు చేరే పల్లానికీ వచ్చింది. పైనుంచి జారినదంతా చివరకు చేరే చోటు అన్నమాట. ఈ అర్థాన్ని గుర్తు పెట్టుకోండి, ముందుముందు దీనితో పని ఉంది.

మోటారు రాకముందు మనకు యంత్రపు చమురు తెలియదనుకోరాదు. ఎడ్లబండి ఇరుసుకు 'కందెన' పూసేవారు. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి చేసిన నల్లని ముద్ద అది. ఇరుసుకీ చక్రానికీ నడుమ రాపిడి తగ్గించడం దాని పని. నేటి పాఠ్యపుస్తకాలు లూబ్రికెంటును కందెన అనే అంటున్నాయి. ఇది కొత్తగా కల్పించిన పారిభాషిక పదం కాదు, బండివాళ్ళ నోట నలిగిన మాట. ఇక 'నూనె' నువ్వుల నెయ్యి, 'తైలం' తిలల నుంచి పుట్టినది. రెండూ నువ్వు గింజను విడువలేదు. 'చమురు'కు ఏ గింజతోనూ బంధుత్వం కనబడదు. అందుకే నేల లోపలినుంచి వచ్చిన పెట్రోలియానికి కూడా ఆ పేరు ఇట్టే సరిపోయింది.

నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్టభూములు ఆముదానికి పేరుపడినవి. బండి ఇరుసుకు పూసిన ఆ ఆముదమే 20వ శతాబ్దపు తొలినాళ్ళలో కారు ఇంజనులోకీ, విమానపు ఇంజనులోకీ వెళ్ళింది. 1909లో ఇంగ్లండులోని వేక్‌ఫీల్డ్ సంస్థ తన ఇంజన్ ఆయిలుకు క్యాస్ట్రాల్ అని పేరు పెట్టుకున్నదంటే, అందులో కలిపిన ఆముదాన్ని బట్టే. మొదటి ప్రపంచయుద్ధంలో ఎగిరిన గుండ్రంగా తిరిగే రోటరీ ఇంజన్లు ఆముదాన్ని తాగి, వాడినదాన్ని గాలిలోకి చిమ్మేసేవి. వెనక కూర్చున్న పైలట్లకు ఆ తుంపర వల్ల విరేచనాలయ్యేవని చెబుతారు. ఆముదం ఎక్కడికి పోయినా తన గుణం మానుతుందా!

హాస్యం అలా ఉంచితే అందులో చరిత్ర ఉంది. తొలి మోటార్లలో చాలావాటికి చమురును తిరిగి వాడుకునే ఏర్పాటు లేదు. చుక్కచుక్కగా పైనుంచి దించడం, పని చేసిన చమురును కాలిపోనివ్వడమో రోడ్డు మీద కారిపోనివ్వడమో, ఇంతే. కారడం నాడు లోపం కాదు, పద్ధతి. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్-టీ చమురును అడుగు పాత్రలో నిలవచేసి, తిరిగే భాగాలే దాన్ని చిమ్ముకునేట్లు చేసింది. దానికి చమురు పంపు లేదు, మట్టం చూసే కడ్డీ కూడా లేదు. అడుగున ఉన్న రెండు చిన్న కుళాయిలు తిప్పి చూసుకోవాలి. పై కుళాయి నుంచి చమురు వస్తే నిండుగా ఉన్నట్టు, కింది దాని నుంచి కూడా రాకపోతే ప్రమాదమన్నట్టు. తరువాతి ఇంజన్లలో పంపు వచ్చింది. చాంబరు అడుగునుంచి చమురును జల్లెడ గుండా పీల్చి, ఒత్తిడితో బేరింగులకు పంపుతుంది. పని ముగించుకుని చమురు మళ్ళీ చాంబరులోకే జారుతుంది. ఈ మార్పుతో అడుగున ఉన్న రేకు పాత్ర ఇంజనుకు ప్రాణాధారమైంది. మనిషికి గుండె ఎంత బాగున్నా నెత్తురు కారిపోతుంటే ఏం లాభం?

ఇప్పుడు మన కథానాయకుడి ప్రవేశం. 1942లో స్థాపించిన హిందుస్థాన్ మోటార్స్ గుజరాతులోని ఓఖా రేవులో పని మొదలుపెట్టి, 1948లో కలకత్తా దగ్గరి ఉత్తరపాడకు మారింది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి నమూనాను తెచ్చుకుని 1957లో అంబాసిడర్ తయారీ ప్రారంభించింది. 1959 నుంచి దానికి 1489 సీసీల బి-సిరీస్ ఇంజను అమరింది. మోరిస్ నుంచి మనకు సంక్రమించినవాటిలో గట్టిదనం ఒకటి, కారే గుణం మరొకటి. ఆ ఇంజనులో క్రాంక్‌షాఫ్టు వెనుక చివర రబ్బరు సీలు ఉండదు. షాఫ్టు మీద మరచుట్ల వంటి గాడి చెక్కి ఉంటుంది. షాఫ్టు తిరిగినంతసేపూ ఆ గాడి చమురును వెనక్కి, అంటే చాంబరులోకి, తోస్తూ ఉంటుంది. బండి ఆగితే తోసేవాడు లేడు. అంచున మిగిలిన చమురు మెల్లగా క్లచ్ గూడులోకి దిగి, అడుగున వదిలిన చిన్న రంధ్రం గుండా నేల మీద చుక్కగా రాలుతుంది. ఆ రంధ్రం చిల్లి కాదు, తెలిసి పెట్టినదే. కొత్త అంబాసిడర్ కింద కూడా నల్లచుక్క కనిపించేదంటే ఆశ్చర్యం లేదు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. తెలిసి వదిలిన చుక్కకు అలవాటు పడిన కన్ను, తుప్పు వల్ల పడిన చిల్లినుంచి కారే చుక్కను గుర్తుపట్టదు. "అంబాసిడర్ కారకపోతే లోపల ఆయిలు లేనట్టే" అని నవ్వుకునే మాట ఒకటి డ్రైవర్లలో ఉండేది. నవ్వు బాగానే ఉంది గాని, ఆ నవ్వు చాటున ఎన్నో ఇంజన్లు పట్టేశాయి.

కారు సంగతి చెప్పుకున్నాం, ఇక ఊరి సంగతి. తెలుగు సినిమా మద్రాసునుంచి హైదరాబాదుకు ఒక్కరోజులో రాలేదు. అమీర్‌పేట దగ్గరి సారథి స్టూడియోలో 1959లో 'మా ఇంటి మహాలక్ష్మి' తయారైంది. 1960ల తొలినాళ్ళలో చల్లగళ్ళ నరసింహారావు గారి చొరవతో జూబ్లీహిల్స్ సహకార గృహనిర్మాణ సంఘం ఏర్పడింది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు గారి అన్నపూర్ణ స్టూడియోస్ ఈ గుట్టల మీద వెలిసింది. 1980ల్లో కృష్ణ గారి పద్మాలయా, డి. రామానాయుడు గారి స్టూడియో వచ్చాయి. ఆ వరుసలోనే ఫిలింనగర్ ఊరయింది. ఇంచుమించు మూడు దశాబ్దాల పాటు పరిశ్రమ ఒక కాలు మద్రాసులో, ఒక కాలు ఇక్కడ పెట్టి నడిచింది. రెండు ఊళ్ళ మధ్య 600 కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఆ రోజుల్లో మనవాళ్ళు కొనగలిగిన స్వదేశీ కార్లు ప్రధానంగా మూడు కంపెనీలవి: ఉత్తరపాడ అంబాసిడర్, బొంబాయి ప్రీమియర్ వారి ఫియట్ (1974 నుంచి పద్మిని), మద్రాసు స్టాండర్డ్ వారి హెరాల్డ్. నటులను ఇంటినుంచి సెట్టుకు, సెట్టునుంచి ఇంటికి చేర్చే పనిలో అంబాసిడర్‌దే పెద్దపీట. వెనక సీటులో ముగ్గురు, డిక్కీలో దుస్తుల పెట్టెలు!

ఆ కార్లు వచ్చి చేరిన నేల సామాన్యమైనది కాదు. దక్కను పీఠభూమి నల్లరాయి, ఎర్రరాయి, వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. ఆ బండలను పేల్చి, పగలగొట్టి దారులు వేశారు. ఎత్తుపల్లాల దారిలో చక్రం ఎగరేసిన కంకర రాయి ముందుగా తగిలేది కారు అడుగుకే. ఒక్క దెబ్బకు చాంబరు చిల్లి పడదు. సొట్ట పడుతుంది, పైనున్న నల్లరంగు పెచ్చు లేస్తుంది. ఆ పెచ్చు కింద రేకుకు గాలి, తడి తగులుతాయి. తుప్పుకు ఆ రెండూ చాలు. రాగికి, ఇత్తడికి పట్టేది చిలుము, ఇనుముకు పట్టేది తుప్పు (పాత రూపం త్రుప్పు). అల్యూమినియం మీద ఏర్పడే పొర లోపలి లోహానికి కవచమవుతుంది. ఇనుము తుప్పు అలా కాదు. గుల్లగా ఉండి, తడిని స్పంజిలాగా పట్టి ఉంచి, తాను రాలుతూ లోపలికి దారి ఇస్తుంది. దానికి తోడు బురద మేట వేస్తే వానాకాలం వెళ్ళినా అక్కడ వానాకాలమే.

ఒక వింత గమనించారా? విపరీతంగా కారే ఇంజను అడుగు భాగానికి తుప్పు పట్టదు. చమురే దానికి పూత. కారని ఇంజను అడుగే ముందు తుప్పు పడుతుంది. అంటే పొడిగా ఉన్న చాంబరును చూసి మురిసిపోవడానికీ లేదు, తడిగా ఉన్నదాన్ని చూసి ఊరుకోవడానికీ లేదు.

తుప్పు లోపలినుంచీ రాగలదు. పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. కొంత పిస్టన్ల పక్కనుంచి జారి చమురులో కలుస్తుంది. దూరప్రయాణంలో ఇంజను బాగా కాగి ఆ తడి ఆవిరైపోతుంది. ఇంటినుంచి స్టూడియోకు, స్టూడియోనుంచి ఇంటికి రెండేసి కిలోమీటర్లే తిరిగే బండికి ఆ అవకాశం లేదు. నీరు చమురుకన్నా బరువు గనుక చాంబరు అడుగుకు చేరి, మడ్డితో కలిసి పులిసి రేకును కొరుకుతుంది. చమురు పోసే మూత తీస్తే లోపల తెల్లటి నురగ కనిపించడం దీని గుర్తు. మద్రాసు రోడ్డు మీద వందల కిలోమీటర్లు నడిచిన బండి ఇంజనుకు లేని జబ్బు, కొండ మీద కుదురుకున్నాక పట్టుకోవడం విచిత్రం కాదూ!

నడిచిన బండి అరుగుతుంది, నిలిచిన బండి తుప్పు పడుతుంది. చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకు ఉంచిన 1912 నాటి రోల్స్‌రాయిస్ చాలా తక్కువ దూరం నడిచిన కారుగా ప్రసిద్ధం. తక్కువ నడిచినంత మాత్రాన అది తనంతట తాను బాగుండిపోలేదు. నిపుణులు పూనుకుని పునరుద్ధరించవలసి వచ్చింది. నిజాము బండికే తప్పనిది నిర్మాత బండికి తప్పుతుందా? పెద్దాయన గతించాక పిల్లలు కొత్త కారు కొనుక్కుని, పాత అంబాసిడర్ మీద గుడ్డ కప్పి వేపచెట్టు కింద నిలబెట్టిన ఇళ్ళు జూబ్లీహిల్స్‌లో నేను చూశాను. టైర్లు నేలకంటుకుపోతాయి. అడుగున గడ్డి పెరిగి చాంబరును తాకుతుంది. గడ్డికి పొద్దున్నే మంచు పడుతుంది. ఆ తరువాత కథ మీకు తెలుసు.

అలాంటి బండ్లు చివరకు చేరేది దిగువకే. జూబ్లీహిల్స్, యూసుఫ్‌గూడల నడుమ పల్లంలో ఉన్న కృష్ణానగర్ జూనియర్ ఆర్టిస్టుల, లైట్‌బాయ్‌ల, డ్రైవర్ల, మేకప్ సహాయకుల ఊరు. గట్టి వాన కురిస్తే గుట్టల మీది నీరంతా అక్కడి వీధుల్లోకి వస్తుంది. సంప్ అనే మాటకు మూలార్థం చెప్పాను కదా, పైనుంచి జారినదంతా చేరే పల్లమని. ఊరికి కూడా ఒక చాంబరు ఉంటుంది.

అక్కడి ఒక షెడ్డులో ఈ మరమ్మతు మొదటినుంచి చివరిదాకా చూశాను. (మరమ్మతులో తెలుగు 'మర' లేదు. అరబ్బీనుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చిన మాట.) బండి యజమాని నెలనెలా లీటర్ల లెక్కన చమురు పోసుకుంటూ నెట్టుకొస్తున్నాడు. ఉస్తాదు ఒకే మాట అన్నాడు: "పోస్కుంట పోతే ఎన్ని రోజులు పోస్తరు సార్? చాంబర్ దించాలె."

దించే ముందు అతడు చేసిన పని నాకు మరీ నచ్చింది. అడుగంతా కిరసనాయిలుతో కడిగి, తుడిచి, ఆరాక తెల్లటి సుద్దపొడి చల్లాడు. ఇంజను కాసేపు తిప్పాడు. పొడి మీద నల్లగీత ఎక్కడ మొదలైతే అక్కడ కారుతున్నట్టు. ముప్ఫై ఏళ్ళు సుద్దముక్కతో బతికినవాణ్ణి, దానికి ఈ ఉపయోగం ఉందని నాకు తోచనే లేదు. ఎందుకిదంతా అంటే, చమురు కిందికే జారుతుంది గనుక పైనున్న రాకర్ కవరు కారినా, పక్కనున్న ట్యాపెట్ కవరు కారినా నింద చాంబరు మీదే పడుతుంది. అడుగున ఉన్నవాడికి ఈ తిప్పలు ఎక్కడైనా ఉన్నవే.

ఇంజను వెచ్చగా ఉండగానే అడుగు నట్టు విప్పి చమురు దించాలి. అప్పుడే మడ్డి కూడా కదిలి వస్తుంది. ఆ తరువాత అంచు చుట్టూ ఉన్న చిన్న బోల్టులు. తుప్పు పట్టినవాటిని బలవంతం చేస్తే తల విరుగుతుంది గనుక, రాత్రే డీజిలు పూసి నాననివ్వాలి. కొన్ని బండ్లలో ఇంజనును జాకీతో కాస్త ఎత్తితే గాని చాంబరు బయటికి రాదు. వచ్చాక కడిగి, తీగె బ్రష్షుతో రుద్దితే అసలు రంగు బయటపడుతుంది. ఒక్క చిల్లి అనుకున్న చోట సూదిమొనంత రంధ్రాలు ఏడెనిమిది ఉంటాయి. లోపల కిరసనాయిలు పోసి పాత పేపరు మీద రాత్రంతా ఉంచితే, తెల్లారేసరికి ఎన్ని మచ్చలో అన్ని చిల్లులు.

రేకు చుట్టుపక్కల దిట్టంగా ఉంటే ఇత్తడి వెల్డింగుతో పూడ్చవచ్చు. పలచబడిపోతే ఆ మేర కోసి కొత్త రేకు మాటు వేయాలి. 'బిందెలకు మాట్లు వేస్తాం' అని వీధుల్లో కేకవేస్తూ తిరిగిన పనివారి విద్యే ఇది. మంట తగిలించే ముందు సోడా కలిపిన వేడినీళ్ళతో చమురు జిడ్డు పూర్తిగా పోగొట్టాలి, ఆవిరి అంటుకుంటే ప్రాణాపాయం. చాంబరు ఇంజనుకు ఉండగా వెల్డింగు తలపెట్టనే కూడదు. పైనుంచి సీలు ముద్ద మెత్తి అతికించడం షెడ్డు దాకా చేర్చే ఉపాయమే తప్ప వైద్యం కాదు. చమురు తడి మీద ముద్ద నిలవదు, తుప్పు మీద అసలే నిలవదు.

చివరి మెట్టు ప్యాకింగు. ఇంజనుకూ చాంబరుకూ నడుమ కార్కు పట్టీ పెడతారు. కారుతోంది కదా అని బోల్టులు ఇంకా బిగించిన ప్రతివాడూ ఆ అంచును వంకర చేసి ఉంటాడు. కార్కు నలిగి, బోల్టు చుట్టూ రేకు గుంటపడి, రెండు బోల్టుల మధ్య ఎత్తు లేచి, అక్కడినుంచి ఇంకా కారుతుంది. ఆ అంచును చదునైన దిమ్మ మీద పెట్టి చిన్న సుత్తితో సరిచేసి, కొత్త కార్కు పెట్టి, బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. ఉస్తాదు చిన్న పానా వాడాడు, అదీ రెండు వేళ్ళతో. బలం చూపకపోవడమే ఇక్కడ పనితనం. తరువాత నల్లరంగు, కొత్త చమురు, కాసేపు నడక, మళ్ళీ కింద చూపు.

ఇంత శ్రమ దేనికంటే, చాంబరు ఖాళీ అయిన సంగతి బండి సకాలంలో చెప్పదు. డాష్‌బోర్డు మీది ఎర్రదీపం చమురు మట్టాన్ని చూపదు, ఒత్తిడి పడిపోయాక వెలుగుతుంది. అప్పటికి బేరింగులు పొడిగా రాసుకోవడం మొదలై ఉంటుంది. మాటుతో పోయేది ఇంజను పని దాకా, అక్కడినుంచి తుక్కు దాకా పోతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడం అంటే ఇదే.

తుక్కు అన్నమాట ఈ రోజుల్లో ఉత్త మాట కాదు. ఉత్తరపాడలో అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది. 2017లో ఆ పేరును ఫ్రెంచి ప్యూజో సంస్థ 80 కోట్ల రూపాయలకు కొన్నది. పాత బండ్లను తుక్కు చేయించే విధానం 2021లో వచ్చింది. 15 ఏళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషను పొడిగింపు రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయలనుంచి 5000కు పెంచారు. మరోవంక 2021 జూలైలో చేసిన నిబంధనల ప్రకారం, 50 ఏళ్ళు దాటి, మూలరూపం చెడకుండా ఉన్న బండిని 'వింటేజ్'గా నమోదు చేసుకోవచ్చు. అంటే వేపచెట్టు కింది అంబాసిడర్‌కు రెండు దారులు తెరిచి ఉన్నాయి. ఏ దారిన పోవాలన్నది చాలాసార్లు ఒక రేకు పాత్రను సకాలంలో దించామా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది.

కారిన చమురు సంగతి కూడా ఆలోచించాలి. వాడిన ఇంజన్ ఆయిలు మన చట్టం ప్రకారం ప్రమాదకర వ్యర్థం. గుట్ట మీద వాకిట్లో పడిన నల్లచుక్క అక్కడే ఉండిపోదు. వాన దాన్ని కడిగి పల్లానికి తీసుకుపోతుంది. పైవాడు పోసుకుంటూ పోతే కిందివాడి వీధిలో రంగురంగుల తెట్టు తేలుతుంది. ఆ షెడ్డులో ఉస్తాదు మాత్రం దించిన చమురును ఒక్క బొట్టు నేల మీద పోనివ్వలేదు. డబ్బాలో పట్టి మూత పెట్టి పక్కన ఉంచాడు, పాత చమురు కొనేవాడు వస్తాడట.

కొత్త కార్లలో చాంబరు అల్యూమినియం పోతగా మారింది, కొన్నింటిలో ప్లాస్టిక్కు. కార్కు బదులు ట్యూబులోంచి పిండే సీలెంటు. విద్యుత్తు కారుకు ఇంజన్ ఆయిలే లేదు, ఇక చాంబరెక్కడ? ఇది మంచికే కావచ్చు, నాకు విచారం లేదు. ఎడ్లబండి పోయినా కందెన అనే మాట పాఠ్యపుస్తకంలో నిలిచింది. చాంబరు, ప్యాకింగు, పానా, మాటు అనే మాటలకు మాత్రం ఆ భాగ్యం దక్కుతుందో లేదో. అవి షెడ్డుల్లో నలిగాయి, షెడ్డులతోనే పోయేట్టున్నాయి.

అందుకే మిత్రులకు ఒక విన్నపం. గుంటూరు, విశాఖ, కరీంనగర్, అనంతపురం షెడ్డుల్లో ఈ అడుగు పాత్రను ఏమంటారు? కార్కు ప్యాకింగుకు, అడుగు నట్టుకు, చమురు చూసే కడ్డీకి మీ ఊరి మెకానిక్కు వాడే మాటలేమిటి? మద్రాసులో స్థిరపడిన తెలుగువారు, ఆ రోజుల స్టూడియో కార్లు నడిపినవారి పిల్లలు ఎవరైనా దీన్ని చదువుతుంటే మరీ మంచిది. విన్నది విన్నట్టుగా రాయండి. ఉచ్చారణ దిద్దవద్దు.